పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ, పటమట. మా నాన్నగారికి 62 ఏళ్లు. నాలుక క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఇప్పుడు రేడియేషన్ నాలుగో వారం, దాంతోపాటు వారానికోసారి కీమో. ఆపరేషన్‌కి ముందు 68 కిలోలు ఉండేవారు, నిన్న తూస్తే 61. నోరంతా పూత, ఏం పెట్టినా మంట, రుచే లేదంటారు. మా మేనత్త వచ్చి పాలు, గుడ్డు, నీచు, తీపి అన్నీ మాన్పించేసింది, పంచదార తింటే క్యాన్సర్ పెరుగుతుందట. రాగిజావ, మెత్తటి అన్నంలో చారు, బ్రెడ్డు, ఇంతే పెడుతున్నాం. లక్ష్మణఫలం ఆకుల కషాయం కూడా ఇస్తున్నాం. అమ్మ కంచం పట్టుకుని కూర్చుని ఏడుస్తుంది, ఆయన విసుక్కుంటారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఆ పథ్యం ఈ రోజే ఆపేయండి. మీ మేనత్తగారిది ప్రేమే, నేను కాదనను, మన వైపు జ్వరం వచ్చినా బాలింత అయినా పథ్యం పెట్టడం అలవాటు. కానీ 68 నుంచి 61కి వచ్చారంటే ఒంట్లో పదో వంతు పోయింది. ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గితేనే డాక్టర్లు జాగ్రత్త పడతారు. పోయేది కొవ్వు ఒక్కటే అయితే ఇంత కంగారు ఉండదు, కండ కూడా కరిగిపోతుంది, కండ పోతే లేచి నడిచే ఓపిక ఉండదు, ఓపిక లేకపోతే ఒక్కోసారి కీమో వాయిదా వేయాల్సి వస్తుంది.

పంచదార సంగతి. మన ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, క్యాన్సర్ కణం కూడా. నోటితో తీపి మానేసినంత మాత్రాన దానికి తిండి ఆగదు, ఎందుకంటే ఒళ్లు తన కండనే కరిగించుకుని గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. అంటే మీరు మాన్పించేది నాన్నగారి తిండి. ఆయనకి షుగర్ వ్యాధి ఉంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడి మందు సర్దించుకోండి, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్లకి కూడా షుగర్ పెరుగుతుంది.

ఇప్పుడు మీ రాగిజావ చూద్దాం. రెండు చెంచాల పిండి నీళ్లలో కాస్తే గ్లాసుకి అటూ ఇటూగా 65 కేలరీలు, ప్రొటీన్ గ్రామున్నర. అదే పిండిని గ్లాసుడు చిక్కటి గేదె పాలలో కాచి, చెంచాడు నెయ్యి, కాస్త బెల్లం వేస్తే మూడు వందల కేలరీలు దాటుతుంది, ప్రొటీన్ ఏడెనిమిది గ్రాములు వస్తుంది. గ్లాసు అదే, ఆయన మింగాల్సిన గుటకలూ అన్నే. నోరు పూసిన మనిషికి ప్రతి గుటకా నొప్పే, ఆ నొప్పికి తగ్గ బలం ఆ గుటకలో ఉండాలి. నేను చెప్పేదంతా ఇదొక్కటే అనుకోండి, మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే. ఆయన బరువుకి రోజుకి సుమారు 1,800 కేలరీలు, 60 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి, చారన్నంతో అది ఎప్పటికీ రాదు. కిడ్నీ సమస్య ఉందని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం ప్రొటీన్ ఎంత ఇవ్వాలో వాళ్లనే అడగండి.

మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కలిపి నెయ్యి పోసి మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. పూర్తిగా ఉడికించిన గుడ్డుని అందులోనే మెదిపేయండి, ఒక్కో గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పచ్చిగుడ్డు, సగం ఉడికినది మాత్రం వద్దు. నీచు తినే ఇల్లయితే కొర్రమీను ఉడికించి ముళ్లు జాగ్రత్తగా తీసేసి, కారం లేకుండా అన్నంలో మెదిపి పెట్టండి. సగ్గుబియ్యం వట్టి పిండిపదార్థం, నీళ్లలో కాచకుండా పాలలో కాచండి. పుల్లబడని గడ్డపెరుగు, మెదిపిన అరటిపండు, జున్ను, ఇవి మంట లేకుండా దిగుతాయి. మనది కారం తినే ప్రాంతం, ఆయనకి ఆవకాయ, గోంగూర లేకపోతే ముద్ద దిగదని నాకు తెలుసు, కానీ ఈ కొన్నాళ్లు ఉప్పు, పులుపు, కారం మూడూ పుండుకి శత్రువులే. వేడివేడిగా కాకుండా చల్లారాక పెట్టండి.

మా పెద్దమ్మకి గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు గుంటూరు కొత్తపేటలో గది తీసుకుని రేడియేషన్‌కి తిప్పాం. కంచం నిండా అన్నం చూస్తే చాలు మొహం తిప్పేసుకునేది. ఒకరోజు మా అమ్మ ఊరి నుంచి పాత ఉగ్గుగిన్నె తెచ్చింది, మా చిన్నప్పటిది, ఒక పక్క సొట్ట కూడా ఉంది. దాంట్లో నాలుగు చెంచాల పాలన్నం మాత్రం పెట్టి, మంచం పక్కన స్టూలు మీద ఉంచి, తిను అని ఒక్క మాట కూడా అనకుండా బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. పది నిమిషాలకి గిన్నె ఖాళీ. రెండు గంటలకి మళ్లీ నాలుగు చెంచాలు. అట్లా రోజుకి ఏడుసార్లు, ఎనిమిదిసార్లు. మీ అమ్మగారితో నేను చెప్పానని చెప్పండి, తినకపోవడం ఆయన మొండితనం కాదు, ఆ జబ్బు ఆకలినే చంపేస్తుంది. ముద్ద పట్టుకుని బతిమాలితే ఆ కంచం చూస్తేనే ఆయనకి భయం పుడుతుంది. ఉదయం కాస్త తేరుకుని ఉంటారు కాబట్టి బలమైనది అప్పుడే పెట్టండి. తినేటప్పుడు నీళ్లు ఎక్కువ తాగిస్తే పొట్ట నిండిపోతుంది, మధ్యమధ్యలో ఇవ్వండి.

తిండికి అరగంట ముందు డాక్టర్ రాసిన నొప్పి మందు వేయించండి, నొప్పి తగ్గాక తినడం వేరు, నొప్పితో తినడం వేరు. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమనండి, మింగకూడదు. లక్ష్మణఫలం కషాయం ఆపేసి, ఇన్నాళ్లూ ఇచ్చామని డాక్టర్‌కి భయపడకుండా చెప్పండి. కీమో నడుస్తున్నప్పుడు ఏ ఆకు ఏ మందుతో గొడవపడుతుందో, కాలేయానికి ఏం చేస్తుందో మనకి తెలియదు.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. రేడియేషన్ నాలుగో వారం అన్నారు, ఈ పూత ఇంకా పెరుగుతుంది, రేడియేషన్ అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. నీళ్లు కూడా మింగలేకపోయినా, తాగుతుంటే పొలమారి దగ్గు వస్తున్నా, వారం వారం బరువు పడిపోతున్నా ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేద్దామంటారు. గొట్టం అనగానే ‘ఇక అయిపోయింది’ అని మనవాళ్లు గుండెలు బాదుకుంటారు. చాలామందికి అది తాత్కాలికమే, పుళ్లు మానాక తీసేస్తారు. ఒప్పుకోండి, ఆలస్యం చేయకండి. వారానికోసారి ఒకే మెషీన్ మీద, పొద్దున్నే బరువు చూసి కాగితం మీద రాసి రేడియేషన్‌కి వెళ్లినప్పుడు చూపించండి. కాళ్లు వాచి ఉంటే ఆ సంగతీ చెప్పండి, నీరు చేరితే బరువు తగ్గనట్టే కనిపిస్తుంది. ప్రొటీన్ పౌడర్ అక్కడి డైటీషియన్‌ని అడిగి వాడండి, డబ్బా కొనలేకపోయామని మాత్రం బాధపడొద్దు, పాలు, గుడ్డు, పప్పు ముందు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్, రెండు కీమోలు అయ్యాయి. తాలింపు వాసనకే వాంతి చేసుకుంటోంది. వంట నేనే చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు వంట చేస్తున్నారని చదివి చాలా సంతోషం వేసింది బాబూ. వంట అయ్యేదాకా ఆమెని డాబా మీదో పక్క గదిలోనో కూర్చోబెట్టండి. వేడి అన్నం కంటే చల్లటిదానికి వాసన తక్కువ, కమ్మటి పెరుగన్నం, పాలలో నానబెట్టిన అటుకులు, నోట్లో పుళ్లు లేకపోతే నిమ్మకాయ పులిహోర, ఇవి పడతాయి. ఇనుము నాకినట్టు ఉందంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది ఇవ్వండి. వాంతి మాత్ర వాంతి వచ్చాక కాదు, డాక్టర్ చెప్పిన వేళకి, తిండికి ముందే పడాలి. ఆమెకి బాగా ఇష్టమైన కూర కీమో రోజు వండకండి, ఆ వాంతులు ఆ కూరతో ముడిపడిపోతే తర్వాత ఆమె దాన్ని ముట్టుకోదు. బండి మీద పునుగులు, చెరుకురసం, కోసి అమ్మే పండ్లు వద్దు, కీమో తర్వాత తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్ తొందరగా వస్తుంది. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. జ్వరం 100.4 దాటితే మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయల్దేరండి.