లోపల లైట్లు వెలుగుతున్నా ఇంజిన్ స్టార్ట్ కాకపోతే

అమెరికాలోని యూటాలో మోయాబ్ దగ్గర పొద్దున్నే మీ మోటర్‌హోమ్ (లోపలే ఉంటూ తిరిగే ఇల్లులాంటి బండి) తాళం తిప్పితే టిక్‌టిక్ తప్ప ఇంజిన్ కదల్లేదని, లోపల లైట్లూ నీళ్ల పంపూ మాత్రం బాగున్నాయని రాశారు. టెన్షన్ పడకండి. స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటర్) పోయిందని అప్పుడే అనుకోనక్కర్లేదు. మోటర్‌హోమ్‌లో ఇంజిన్ బ్యాటరీ వేరు, లోపలి లైట్లు, పంపు లాంటి ఇంటి వాడకానికి ఉండే 'ఇంటి బ్యాటరీ' వేరు. మీకు దిగిపోయింది మొదటిది అయ్యుండాలి.

స్టీరింగ్ చుట్టుపక్కల వెతకండి. చాలా బండ్లలో 'బ్యాటరీ బూస్ట్' అనో 'ఎమర్జెన్సీ స్టార్ట్' అనో చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే ఇంటి బ్యాటరీ ఇంజిన్‌కు కలుస్తుంది. ముందు ఇంటి బ్యాటరీ ఛార్జ్ అయ్యేలా బండిలోని జనరేటర్ ఓ అరగంట నడిపి, ఆ స్విచ్ వదలకుండా తాళం తిప్పండి. జనరేటర్ కూడా మొరాయిస్తే పెట్రోల్ ముల్లు చూడండి. ట్యాంకు సుమారు పావు వంతుకు దిగితే చాలా బండ్లలో దానికి ఇంధనం అందదు. ఉన్నదంతా అదే తాగేసి మనల్ని ఎడారిలో వదిలేయకుండా కావాలనే అలా పెట్టారు!

అప్పటికీ కాకపోతే ఇంజిన్ బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే, మైనస్ వైరు ముందు విప్పి, గీకి, గట్టిగా బిగించండి. స్టార్ట్ అయ్యాక ఇంజిన్ బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచేది) పెడితే 13.5 వోల్టులైనా రాకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) మీద అనుమానం, బయల్దేరకండి.

టో (బండిని లాక్కెళ్లే ట్రక్కు) పిలిస్తే బండి పొడవు, బరువు ముందే చెప్పండి, లేదంటే మామూలు ట్రక్కు వచ్చి చూసి వెళ్లిపోతుంది. అద్దె బండి అయితే వాళ్లకు ఫోన్ చేయకుండా రిపేర్ చేయించొద్దు, బిల్లు మీ నెత్తిన పడుతుంది.