రోజువారీ ఫొటోలకు 18-200 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఒక్కటే సరిపోతుందా?

ఎక్కువగా పగటి వెలుతురులో తీసేవాళ్లకు హాయిగా సరిపోతుంది. రాత్రిళ్లు ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పిల్లల్ని తీసేవాళ్లకు మాత్రం చాలదు.

ఏపీఎస్-సీ సెన్సర్ (ఫొటోను పట్టే చిప్, ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న నికాన్ కెమెరాలో ఈ లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ సైజు సెన్సర్) లెక్కన 27 నుంచి 300 ఎం.ఎం. దాకా పనిచేస్తుంది. గుడి గోపురం మొత్తం, దాని మీది ఒక్క శిల్పం, రెండూ నిలబడ్డ చోటి నుంచే తీయొచ్చు. లెన్స్ మార్చే పని లేదు కాబట్టి సెన్సర్ మీద దుమ్ము పడే టెన్షన్ కూడా తక్కువ.

అసలు ఇబ్బంది వెలుతురు దగ్గరే. 200 ఎం.ఎం. దగ్గర ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). ఎఫ్/1.8 లెన్స్ అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. ఆ లోటు పూడ్చాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాలి, ఫొటోలో నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది. లేదా షటర్ స్పీడ్ తగ్గించాలి, అంటే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు పరిగెత్తే పిల్లాడు అలికినట్టు పడతాడు. స్టెబిలైజేషన్ ఉందిగా అని చాలామంది అనుకుంటారు. అది మన చేతి వణుకును సర్దుతుందే తప్ప పిల్లాడి పరుగును ఆపలేదు.

18 దగ్గర గోడల గీతలు కాస్త వంగుతాయి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు. 200 దగ్గర ఫొటో అంచుల్లో స్పష్టత తగ్గుతుంది. ఎండలో ఎఫ్/8 పెట్టి తీస్తే చాలావరకు మెరుగవుతుంది.

నన్నడిగితే దీన్ని అమ్మకండి. ఇంట్లో ఫొటోలకు తోడుగా 35 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొనుక్కోండి.