ముక్కోపి పాత్రకు నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగినవి రెండు విషయాలు. ఇంట్లో ఉంటే పూటసేపు కూడా భరించలేని ముక్కోపిని నాటకంలోనో సినిమాలోనో చూసి మనం ఎందుకంత ఇష్టంగా నవ్వుకుంటామన్నది మొదటిది. వచ్చే నెల అటువంటి వేషమే కట్టబోతున్న మీరు దానిని ఎలా పట్టుకోవాలన్నది రెండవది. నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాడిని. మా ఊరి తెలుగువాళ్ళం జరుపుకునే ఉగాది సభలో ఒక ఏడాది గురజాడవారి కన్యాశుల్కం నాటకంలోని కోపిష్ఠి అగ్నిహోత్రావధాన్లుగా వేషం వేశాను. అంతకంటే ముందు, చదువు పూర్తయ్యేదాకా, ముక్కు మీదే కోపం ఉండే మా తాతగారి ఇంట్లో పెరిగాను. ఈ రెండింటి వల్ల నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, ముక్కోపి పక్కన ఆ కోపానికి బెదరని మనిషి ఒకరు ఉన్నప్పుడే నవ్వు పుడుతుంది.

మా తాతగారు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో మాకు తెలుగు పత్రిక రాష్ట్ర సరిహద్దుకు అవతల కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మీదుగా బస్సులో వచ్చేది, దానిని ఒక కుర్రవాడు సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి వేసేవాడు. తాతగారు అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని, పత్రిక చేతికి రాగానే విప్పకుండా కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మడత అంచులు కలిశాయో లేదో చూసేవారు. అంచు ఒక నూలుపోగంత జరిగినా, దారిలో ఎవరో విప్పి చదివేశారన్నమాటే. "ఇది ఎంగిలి పేపరు. నాకక్కర్లేదు, తీసుకుపో!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవారు. లోపల కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న మామ్మ తల కూడా ఎత్తకుండా, "ఎంగిలైతే నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుకుని చదువుకోండి" అనేది. కుర్రవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, తాతగారు రుసరుసలాడుతూనే పత్రిక విప్పేవారు. ఈ తతంగం వారానికి రెండు మూడు సార్లయినా జరిగేది, ఎన్నిసార్లు చూసినా మాకు విసుగు పుట్టేది కాదు.

ఒక ఏడాది మా మేనత్త పురుటికని మామ్మ బరంపురం వెళ్ళి రెండు నెలలు ఉండిపోయింది. ఆ రెండు నెలలూ తాతగారు అరుగు మీద అవే మాటలు, అదే గొంతుతో అన్నారు. ఒక్కరోజు కూడా ఎవరికీ నవ్వు రాలేదు. మా అమ్మ గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకునేది, మేము పెరటి గుమ్మం గుండా బడికి వెళ్ళిపోయేవాళ్ళం. పత్రిక కుర్రవాడు గోడ మీదుగా పేపరు విసిరేసి వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు సందు మలుపులో నన్ను ఆపి, "మామ్మగారు ఎప్పుడొస్తారు బాబూ?" అని అడిగాడు. మీ మొదటి ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానమంతా ఆ కుర్రవాడి మాటలోనే ఉంది. కోపం మారలేదు, దానికి జవాబు చెప్పే గొంతు లేకుండా పోయింది.

మన పెద్దలు ఈ సంగతిని శాస్త్రంగానే ఆలోచించారు. భరతుడి నాట్యశాస్త్రం రౌద్రరసానికి క్రోధాన్ని స్థాయిభావంగా, అంటే మూలంలో నిలిచి ఉండే భావంగా, చెప్పింది. ఆ గ్రంథానికి వ్యాఖ్య రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు, ఏ రసమైనా ఉండరాని చోట ఉండి ఆభాసగా, అంటే ఉత్త పోలికగా, మారితే అది హాస్యానికి దారి తీస్తుందని వివరించాడు. యుద్ధభూమిలో ఉండవలసినంత రౌద్రం పత్రిక మడత మీదికి దిగితే జరిగేది అదే. అయితే కారణం చిన్నదైతే చాలదని దుర్వాసుణ్ణి చూస్తే తెలుస్తుంది. కాళిదాసు శకుంతల భర్త ధ్యాసలో ఉండి అతిథిని గమనించకపోవడం ఎంత చిన్న తప్పు! ఆ చిన్న తప్పుకు ఆయన ఇచ్చిన శాపం ఫలించి ఆమె బతుకును తలకిందులు చేసింది కనుక అక్కడ మనకు గుండె బరువెక్కుతుందే గాని నవ్వు రాదు. ఇంట్లో పెద్దవాళ్ళను "మా దుర్వాసుడు" అని ముద్దుగా పిలుచుకోగలుగుతున్నామంటే, వాళ్ళ శాపాలు తగలవని మనకు ధైర్యం ఉండడం వల్లనే.

ఈ పాత్ర ఎంత పాతదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. గ్రీకు నాటకకర్త మెనాండర్ క్రీ.పూ. 316లో ప్రదర్శించిన 'డిస్కొలోస్' అన్న హాస్యనాటకం పేరుకు అర్థమే చిరాకు మనిషి అని. శతాబ్దాల తరబడి కనబడకుండా పోయిన ఆ నాటకం ఈజిప్టులో దొరికిన పపైరస్ ప్రతి ద్వారా 1958లో మళ్ళీ అచ్చయింది. అందులో నీమోన్ అనే ముసలి రైతుకు మనుషులంటే గిట్టదు, తన పొలం వైపు వచ్చినవాళ్ళను తరిమికొడతాడు. చివరికి బావిలో పడి, తాను దూరంగా పెట్టిన సవతి కొడుకు చేతనే బయటికి లాగబడి, మనిషికి తోడు లేకుండా జరగదని ఒప్పుకుంటాడు.

కన్యాశుల్కంలోనూ నుయ్యి ఉంది, కానీ అందులో పడేది కోపిష్ఠి కాడు. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకిచ్చి తీరతానని తండ్రి అగ్నిహోత్రావధాన్లు పట్టుబడితే, తాళలేక ఆయన భార్య వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆ తేడా దగ్గరే గురజాడవారి ఘనత నాకు కనిపిస్తుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి తిరగరాసిన ఆ నాటకం మీద మా ఊరివాళ్ళకు ప్రత్యేకమైన మమకారం ఉంది. మా ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉండి వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు గురజాడవారికి చిన్ననాటి సహపాఠి.

నాకు ఆ వేషం ఇచ్చినప్పుడు, ముక్కోపి అంటే గొంతు పెంచడం, కనుబొమలు ఎగరేయడం, చేతికర్ర ఆడించడం అనుకుని అలాగే చేశాను. నాలుగు రిహార్సళ్ళు గడిచినా చూసేవాళ్ళలో ఉలుకూ పలుకూ లేదు. మాకు నాటకం నేర్పిన పెద్దాయన నౌపడా–గుణుపురం రైలు మార్గంలో పనిచేసి రిటైరైనవారు. ఆయన నన్ను పక్కకు పిలిచి, "నువ్వు నవ్వించడానికి కోప్పడుతున్నావు బాబూ. అవధాన్లకి ఆ కోపం నిజం. తన మాటే ధర్మమని, లోకమంతా తనను మోసం చేస్తున్నాదని ఆయన నమ్మకం. ఎదర జనం ఉన్నారని ఆయనకి తెలీదు" అన్నారు. ఆ తరువాత నన్ను వదిలేసి, అవధాన్ల బావమరిది కరటకశాస్త్రి వేషం వేస్తున్న మా మిత్రుడితో వారం రోజులు పనిచేశారు. అప్పట్లో నాకది అర్థం కాలేదు.

రెండో అంకంలో భోజనాల దగ్గర బావమరిది మీద కోపం పట్టలేక, అవధాన్లు విస్తరి ముందు నుంచి లేచి, చెంబుతో నీళ్ళు కరటకశాస్త్రి నెత్తిన కుమ్మరించే ఘట్టం ఉంది. ప్రదర్శన నాడు నేను నిజంగానే ఒళ్ళు మండి, చెంబెడు నీళ్ళూ ఒక్కసారిగా పోశాను. మా మిత్రుడు ఉలిక్కిపడలేదు, ముఖం తుడుచుకోలేదు. నీళ్ళు ముక్కు కొసన ఆగి ఒక్కొక్క చుక్కగా విస్తట్లోకి జారుతుంటే, వాటిని చూస్తూ కాసేపు కూర్చుని, తరువాత నెమ్మదిగా మాట అందుకున్నాడు. సభంతా ఒక్కసారి గొల్లుమంది. ముందు వరసలో మా ఒడియా పొరుగువాళ్ళు కూర్చున్నారు, వాళ్ళకు గురజాడ తెలుగు సగం కూడా అందదు, అయినా అందరికంటే ముందు వాళ్ళే నవ్వారు. నేను వెనుదిరిగి వెళుతూ ఆ నవ్వు విన్నప్పుడు, అచ్చం మా మామ్మ కత్తిపీట ముందు నుంచి పలికినట్లే అనిపించింది. ఆ వెంటనే నూతి దగ్గర నుంచి కేకలు రాగానే సభ చల్లబడిపోయింది. అదే మనిషి, అదే గొంతు. ఆడపిల్ల బతుకు మీద అధికారం ఆ కోపం చేతిలో ఉందని జనానికి ఆ క్షణంలో తెలిసిపోయింది.

ఈ చూపుతో చూస్తే మిగతావి కూడా అర్థమవుతాయి. 1962లో వచ్చిన గుండమ్మ కథలో సూర్యకాంతం గారి గయ్యాళితనం సవతి కూతురి మీద పడినప్పుడు మనకు కష్టంగానే ఉంటుంది. ఆ ఇంటికి పనివాడిగా వచ్చిన అంజి ఆమె అరుపులను లెక్కచేయకుండా మసలడం మొదలయ్యాక గాని హాయిగా నవ్వుకోలేము. చివరికి ఛాయాదేవిగారి పాత్ర వచ్చి గుండమ్మనే సాధించేసరికి ఆమె మీద జాలి కలుగుతుంది. ఇంగ్లండులో 1975లోను 1979లోను మొత్తం పన్నెండు భాగాలుగా వచ్చిన ఫాల్టీ టవర్స్ అన్న ధారావాహికను మా అబ్బాయి చూపించాడు. అందులో హోటలు యజమాని బాసిల్ మొరాయించిన కారును తిట్టి, బెదిరించి, చివరకు చెట్టుకొమ్మ తెచ్చి బాదుతాడు. కారుకు భయం లేదు కదా, ఇంతకంటే బెదరని తోడు ఎవరుంటారు!

ఇక మీ వేషం సంగతి. మీరు మీ డైలాగులు బట్టీపట్టే ముందు, మీ కోపం ఎవరి మీద పడుతుందో ఆ నటుడితో కూర్చోండి. మీరు అరిచిన తరువాత అతను ఎంతసేపు ఊరుకోవాలో, ఆ సమయంలో చేతులతో ఏ పని చేస్తుండాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. మీ పాత్ర దేనిని అన్యాయమని నమ్ముతున్నదో ఒక కాగితం మీద రాసుకుని, దానిని నిజంగా నమ్మి మాట్లాడండి. వీలైతే 1955 నాటి కన్యాశుల్కం సినిమాలో విన్నకోట రామన్నపంతులుగారి అగ్నిహోత్రావధాన్లను ఒకసారి చూడండి, ఆయన ఎక్కడా నవ్వు అడుక్కోరు. సభలో నవ్వు వచ్చినప్పుడు దానికోసం ఆగవలసిందీ, దానిని అందుకోవలసిందీ మీ తోటి నటుడే. మీరు మాత్రం కోపం దించకుండా, జనం వైపు తిరగకుండా నిలబడి ఉండండి.