టెక్ సందేహాలు: ఏ4లో రెండు పేజీలు, లెటర్‌లో మూడు!

ప్రశ్న: అమెరికాలో ఎల్‌ఎల్‌ఎంకి (న్యాయశాస్త్రంలో పీజీ) అప్లై చేస్తున్నాను. పర్సనల్ స్టేట్‌మెంట్ (నా గురించి నేను రాసుకునే వ్యాసం) డబుల్ స్పేసింగ్‌తో రెండు పేజీలు దాటకూడదు. వర్డ్‌లో సరిగ్గా రెండు పేజీలే వచ్చింది. పేజీ సైజు ‘లెటర్’కి మార్చగానే రెండు లైన్లు మూడో పేజీలోకి జారాయి. మాటలు తీసేయకుండా దారి ఉందా? (గుంటూరు పాఠకురాలు)

ఉంది. మన దగ్గర వాడే ఏ4 ఎత్తు 11.69 అంగుళాలు, అమెరికావాళ్ల లెటర్ సైజు 11 అంగుళాలే. వెడల్పు కాస్త ఎక్కువైనా ఆ తేడాను పూర్తిగా పూడ్చదు. ముందు కంట్రోల్+ఏ, ఆ తర్వాత కంట్రోల్+2 కొట్టండి. డబుల్ స్పేసింగ్ వస్తుంది. అసలు దొంగ వేరే ఉంది. మామూలు సెట్టింగ్స్‌లో వర్డ్ ప్రతి పేరా తర్వాత 8 పాయింట్ల ఖాళీ వదులుతుంది. ఆరు పేరాలుంటే 48 పాయింట్లు, అంటే దాదాపు రెండు లైన్ల చోటు! లేఅవుట్‌లో స్పేసింగ్ ‘ఆఫ్టర్’ను సున్నా చేయండి, సరిపోవచ్చు. ఫాంట్, మార్జిన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. రోజూ ఇవే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అప్పటికీ మిగిలితే మొదటి పేరా చూడండి. ‘చిన్నప్పటి నుంచి న్యాయం అంటే ప్రాణం’ అన్న వాక్యం ఉందా? తీసేయండి, ఎవరూ బాధపడరు. తర్వాతి వ్యాసానికి ముందే పేజీ సైజు మార్చుకుని, పేరాకొక వాక్యం చొప్పున ప్లాన్ రాసుకోండి. ఆల్ట్+షిఫ్ట్ నొక్కి పైబాణం, కిందిబాణం కొడితే పేరాలు అటూ ఇటూ జరుగుతాయి. ఏది ముందు చెప్పాలో అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: చాట్‌జీపీటీతో అప్లికేషన్ వ్యాసం దిద్దించుకుంటే దొరికిపోతానా? (వరంగల్ పాఠకుడు)

దొరకడం గురించి కాదు, మీరు అప్లై చేసే స్కూల్ ఒప్పుకుంటుందా అన్నది చూడండి. 2023లో మిషిగన్ లా స్కూల్ వద్దంది, అదే ఏడాది అరిజోనా స్టేట్ యూనివర్సిటీ లా స్కూల్ సరేనంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది అప్లికేషన్‌లో ఏముందో చదవాల్సిందే. రాసింది ఏఐనా మనిషా అని చెప్పే ఏఐ డిటెక్టర్లను నేనైతే నమ్మను. కచ్చితత్వం చాలక, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ తన డిటెక్టర్‌ను 2023 జులైలో తనే ఆపేసింది. సొంతంగా రాసినా అనుమానం రావచ్చని టెన్షన్ ఉంటే, మొదటి నుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి. వెర్షన్ హిస్టరీలో వ్యాసం ఎలా పెరిగిందో తేదీలతో సహా ఉంటుంది. ఎక్కడో రాసి తెచ్చి ఒకేసారి అతికిస్తే మాత్రం ఆ హిస్టరీ ఎందుకూ పనికిరాదు.