మొదటి వార్డు పోస్టింగుకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మీ అత్తయ్య ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి మెడికల్ వార్డులో పోస్టింగు పడిందనీ, అక్కడ హెచ్.ఐ.వి. రోగులుంటారని హాస్టల్లో అందరూ బెదిరిపోతున్నారనీ రాశావు. ఆ వైరస్ ఎలా సోకుతుందో, ఎలా సోకదో మీరంతా పరీక్షలో తప్పు లేకుండా రాయగలరు. అలా రాసిన పిల్లలే ఆ రోగి నాడి చూడటానికి రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని, పక్క మంచం మీది మనిషికి మాత్రం, కేస్ షీట్‌లో ఏమీ లేదు గనుక, ఉత్త చేతులతో రక్తం తీయడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. అసలు ప్రమాదం ఆ రెండో మంచం దగ్గరే ఉంది. ఎందుకంటే పరీక్షే చేయించుకోనివారు, వైరస్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకనివారు ఏ వార్డులోనైనా ఉండవచ్చు. రక్తం తగిలే పనికి ఎవరి దగ్గరైనా గ్లవ్స్ వేసుకో. నాడి చూడటానికి, మాత్ర ఇవ్వడానికి హెచ్.ఐ.వి. ఉందన్న కారణంతో వేసుకోకు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా, నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వెయ్యి. ఒకవేళ గుచ్చుకుంటే వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు, స్పిరిట్ పోయకు. పారే నీటి కింద సబ్బుతో కడుక్కుని, తిడతారేమోనని దాచకుండా వెంటనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పు. నివారణ మందులు 2 గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. హెచ్.ఐ.వి. రక్తమున్న సూది గుచ్చుకున్నా, మందులు వాడకపోయినా, సోకే అవకాశం సుమారు 0.3 శాతమే. హెపటైటిస్ బి అంతకు ఎన్నో రెట్లు తేలికగా సోకుతుంది, అయినా దాని పేరు చెబితే మీ హాస్టల్లో ఎవరికీ నిద్ర చెడదు! నీ మూడు డోసుల టీకా పూర్తయిందా?

హెచ్.ఐ.వి. ఉన్నవారి కేస్ షీట్ అట్టమీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం, కాన్పుల వార్డులో అలాంటి తల్లి మంచాన్ని విడిగా మూలకు జరపడం ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి. చూడటానికొచ్చిన బంధువులకు ఆ ఎర్ర గుర్తు చాలు. రోగి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం నిషేధించింది. మెస్‌లో స్నేహితురాలికి చెప్పినా బయటపెట్టినట్టే. ఎలా వచ్చిందని ఆరా తీయకు. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారా అని అడుగు, ఎందుకంటే రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు.

మొదటి రోజు డ్యూటీలో చేరగానే, నివారణ మందులు ఎక్కడుంటాయో, రాత్రి డ్యూటీలో తాళం ఎవరి దగ్గరుంటుందో సిస్టర్‌ను అడిగి తెలుసుకో.

మీ అత్తయ్య