ఊరి పేరుతో మొదలుపెట్టు

బిడ్డా,

ఇరాక్‌లోని హష్ద్ అల్ షాబీ మీద, అంటే ఐసిస్‌తో పోరాడటానికి 2014లో కూడిన సాయుధ దళాల కూటమి మీద, నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మన దగ్గర ఎవరూ ముట్టుకోని విషయాన్ని ఇంత ఓపికగా పట్టుకున్నావు, సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు కాలు అడ్డం పడింది. "ఇరాన్ చేతిలో కీలుబొమ్మ అయిన షియా మిలీషియా" అన్నావు. తీర్పు అక్కడే చెప్పేశావు. ఇక మిగతా పేజీలు చదివేవాడికి ఏం పని మిగిలింది?

నువ్వు పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ ఆడిన పిల్లవు. హసన్, హుసేన్ పేర్లు నీకు పుస్తకాల్లోంచి రాలేదు. హుసేన్ ప్రాణం విడిచిన కర్బలా అన్న మాట ఒక మనిషికి ఎంత లోతున తగులుతుందో నీకు కొంత తెలుసు. ఆ తెలిసినదాన్ని పక్కనపెట్టి టీవీ భాషలో రాశావు. అదే నాకు బాధ.

2014 జూన్ 10న మోసుల్ ఐసిస్ చేతికి చిక్కింది. సైన్యం బట్టలు విప్పేసి పారిపోయింది. రెండు రోజులకి తిక్రిత్ దగ్గర స్పైకర్ శిబిరంలోని కుర్రాళ్లని, ఎక్కువమంది షియాలని, వరసగా నిలబెట్టి చంపారు. 1,500 నుంచి 1,700 మంది అని అంచనా. మర్నాడు, జూన్ 13 శుక్రవారం, కర్బలాలో, ఇరాక్ షియాల పెద్ద మతగురువు అయతుల్లా సిస్తానీ ఫత్వాని ఆయన ప్రతినిధి చదివాడు. ఆయుధం పట్టగలిగినవాళ్లు దేశ భద్రతా దళాల్లో చేరాలని దాని సారం. దాన్ని వాజిబ్ కిఫాయీ అన్నారు. అంటే, కావలసినంత మంది ముందుకొస్తే మిగతావాళ్లకి ఆ బాధ్యత తీరిపోతుంది. మీసాలు మొలవని పిల్లలు, బడిపంతుళ్లు, కూలీలు లారీలెక్కారు.

ఫత్వాలో ఏ మిలీషియా పేరూ లేదు, గమనించు. కానీ చేరమన్న సైన్యం సగం కూలిపోయి ఉంది. తుపాకులు, శిక్షణ, బళ్లు సిద్ధంగా ఉన్నవి ఎవరి దగ్గర? 1980లలో ఇరాన్‌లో పుట్టి, ఇరాన్-ఇరాక్ యుద్ధంలో సద్దాంకి వ్యతిరేకంగా ఇరాన్ పక్షాన పోరాడిన బద్ర్ దగ్గర. అమెరికా సైన్యంతో తలపడుతూ ఎదిగిన కతాయిబ్ హిజ్బుల్లా, అసాయిబ్ అహ్ల్ అల్ హక్ దగ్గర. వీళ్ల మనుషులు అప్పటికే సిరియాలో అప్పటి అధ్యక్షుడు అసద్ పక్షాన పోరాడుతున్నారు, దమాస్కస్ పక్కనున్న జైనబ్ దర్గాని కాపాడుతున్నామని. ఊరిని కాపాడుకోవడానికి వచ్చినవాడూ, టెహ్రాన్ మాట వినేవాడూ హష్ద్ అనే ఒకే జెండా కింద ఎలా నిలబడ్డారో అర్థం కావాలంటే ఆ జూన్ నెలలోనే తవ్వాలి. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు.

ఇప్పుడు రెండు ఊళ్ల సంగతి.

ఆమెర్లీ అని షియా తుర్క్‌మెన్ల పట్టణం. ఐసిస్ దాన్ని చుట్టుముట్టి రెండు నెలలకు పైగా నీళ్లు, కరెంటు, తిండి ఆపేసింది. ఆగస్టు 31న ముట్టడి తెగింది. తెంపినవాళ్లలో హష్ద్ దళాలు, ఇరాక్ సైన్యం, కుర్దుల సాయుధ దళం పెష్‌మెర్గా ఉన్నారు. పైనుంచి అమెరికా విమానాలు బాంబులు వేశాయి. హష్ద్‌లోని కొన్ని దళాలూ అమెరికా సైన్యమూ నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవాళ్లు! ఆ ఊరి తల్లిని ఇప్పుడు హష్ద్ అంటే ఏమిటని అడిగితే ఏం చెబుతుందో ఊహించు. కానీ ఆ తర్వాతి వారాల్లో చుట్టుపక్కల సున్నీ పల్లెల్లో ఇళ్లు తగలబడ్డాయి, కూలిపోయాయి. ఈ రెండూ ఒకే పేరాలో ఉండాలి. వేరే పేజీల్లో పెడితే చదివేవాడు తనకి నచ్చిన పేజీ చింపుకుని పోతాడు.

రెండోది జుర్ఫ్ అల్ సఖర్. బగ్దాద్‌కి నైరుతి దిక్కున, యూఫ్రటీస్ ఒడ్డున, కర్బలా వెళ్లే దారికి దగ్గర్లో ఉంది. తోటలు, చేపల చెరువులు ఉన్న సున్నీల పట్టణం. అక్కడినుంచి ఐసిస్ యాత్రికుల దారిని బెదిరించేది. 2014 అక్టోబరులో, మొహర్రం ముందు, హష్ద్ దాన్ని పట్టుకుంది. పట్టణం పేరు మార్చి జుర్ఫ్ అల్ నస్ర్ అన్నారు. సఖర్ అంటే బండ, నస్ర్ అంటే విజయం. ఊరివాళ్లని మాత్రం తిరిగి రానివ్వలేదు. అది కతాయిబ్ హిజ్బుల్లా స్థావరమైంది, 2023 నవంబరులో అమెరికా బాంబులు అక్కడే పడ్డాయి. కర్బలా దారి క్షేమమైంది. తోటలకి యజమానులు లేరు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. 2006లో భద్రాచలం దగ్గర, సల్వాజుడుం, మావోయిస్టుల పోరుకి ఛత్తీస్‌గఢ్ అడవి దాటి వచ్చిన గుత్తికోయల గుడిసెల్లో కూర్చున్నాను. ఇల్లు కాల్చింది ఏ పక్షమని ఒక ముసలమ్మని మూడుసార్లు అడిగాను. పలకలేదు. అటునుంచి కొత్తగా ఎవరొచ్చినా మాత్రం, తన ఇంటి ముందు ఇప్పచెట్టు పూసిందా అని అడిగేది. ఆ చెట్టు సంగతి నేను రాయలేదు. పక్షం పేరు దొరకలేదని ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. ఆమె నాకు చెప్పవలసిందంతా చెప్పిందని తెలియడానికి ఏళ్లు పట్టింది. అప్పటినుంచి ఏ సాయుధ దళం గురించి రాయవలసి వచ్చినా, వాళ్లు వచ్చి వెళ్లాక ఎవరు ఇంటికి తిరిగి వెళ్లారు, ఎవరు వెళ్లలేకపోయారు అని చూస్తాను. ఫల్లూజా పక్కనున్న సఖ్లావియాలో 2016 జూన్‌లో హష్ద్ దళాలు పట్టుకుపోయిన 643 మంది మగవాళ్లు, పిల్లలు తిరిగి రాలేదు. ఫత్వా విని వెళ్లిన పేదింటి కుర్రాళ్లు వేలమంది నజఫ్‌లోని వాదీ అల్ సలాం శ్మశానంలో ఉన్నారు. వాళ్ల తల్లులూ నీ వ్యాసంలోకి రావాలి.

చట్టం, జీతాల భాగం బాగుంది. 2016 నవంబరులో పార్లమెంటు హష్ద్‌ని ప్రభుత్వ దళంగా చేసింది. 2023 బడ్జెట్‌లో 2,38,000 మందికి పైగా జీతాలు పెట్టారు. అంటే ఇది ఒక ఉద్యోగం కూడా. పనుల్లేని బస్రాలో ఆ జీతం ఒక ఇంటి పొయ్యి. అది ఒక్క వాక్యం రాయి. 2020 జనవరి 3న అమెరికా దాడిలో ఇరాన్ సేనాని సులేమానీతో పాటు చనిపోయిన అబూ మహ్దీ అల్ ముహందిస్ ఆ జీతం ఇచ్చే ప్రభుత్వ దళానికే ఉపనాయకుడు. 2024 జనవరిలో జోర్డాన్‌లో ముగ్గురు అమెరికా సైనికులు డ్రోన్ దాడిలో చనిపోయాక, ఇక దాడులు ఆపుతున్నామని ప్రకటించింది కతాయిబ్ హిజ్బుల్లా. దానికీ హష్ద్‌లో దళాలున్నాయి. ప్రభుత్వ ఖజానా ఒకరిది, యుద్ధ నిర్ణయం ఇంకొకరిది. ఇది నువ్వు చెప్పాలనుకున్న అసలు విషయం. "కీలుబొమ్మ" అనకుండానే చెప్పగలవు. సిస్తానీ 2015 ఫిబ్రవరిలో యోధులకి రాసిన ఉపదేశం తెప్పించుకుని చదువు. అమాయకుల జోలికి, వాళ్ల ఆస్తుల జోలికి పోవద్దని అందులో ఎంత గట్టిగా ఉందో చూసి, జుర్ఫ్ అల్ సఖర్ పక్కన పెట్టు.

తిరగరాసేముందు పాతబస్తీలో దారుల్‌షిఫా వైపు వెళ్లు. అర్బయీన్‌కి, అంటే హుసేన్ వర్ధంతి తర్వాత నలభయ్యో రోజుకి, కర్బలా నడిచి వచ్చినవాళ్లు అక్కడ దొరుకుతారు. హష్ద్ గురించి వెంటనే అడగకు. దారిలో నీళ్లు ఎవరిచ్చారు, రాత్రి ఎవరింట్లో పడుకున్నారు, స్తంభాలకి ఎవరి ఫొటోలు వేలాడుతున్నాయి అని అడుగు. ఆ ఫొటోల్లోని కుర్రాళ్ల వయసు ఎంతుంటుందో కనుక్కో. రాసుకుని వచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

మీ అన్నయ్య