గేమ్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆకాశం చారలు పడుతుంటే ముందు ఫైల్ బిట్ డెప్త్ చూడండి

ఎడిటర్‌లో పర్లేదనిపించిన బొమ్మ గేమ్‌లోకి ఎక్కించగానే ఆకాశం చారలు చారలుగా వస్తోంది, పైన పేస్ట్ చేసిన బొమ్మల రంగులు మారిపోతున్నాయి, ప్రాపర్టీస్‌లో బిట్ డెప్త్ (ఒక్కో పిక్సెల్ రంగుకి వాడే బిట్ల సంఖ్య) 8 అని ఉంది, ఆర్‌జీబీలోకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో ప్రతి పిక్సెల్ రంగునూ నేరుగా రాసే మోడ్) మార్చినా చారలు పోవట్లేదు అని అడిగారు కదా. ఆ పని వల్ల పోవు. ఇదే సమస్యతో నేను రెండు వారాలు కుస్తీ పట్టాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది ఒంగోలు. బండలాగుడు పోటీల మీద చిన్న ఫోన్ గేమ్ చేస్తున్నాను. ఆకాశం కోసం తెల్లారేలోపే కొత్తపట్నం బీచ్‌కి పోయి, సూర్యుడు ఇంకా పైకి రాకముందు, పైనున్న నీలం కిందికి వచ్చేకొద్దీ నారింజలోకి జారే ఆ కాసేపట్లో ఫోటోలు తీశాను. సైజు తగ్గించమని స్నేహితుడికి ఇస్తే ఏదో ఆన్‌లైన్ టూల్‌లో వేసి చిన్న పీఎన్‌జీ పంపాడు. దాన్నే జింప్ అనే ఫోటో ఎడిటర్‌లో తెరిచి మా మామయ్య గిత్త బొమ్మను పేస్ట్ చేశాను. తెల్లటి గిత్త గోధుమ రంగుకి తిరిగింది. మామయ్యకు చూపిస్తే ఒకటే మాట: "మూపురం కింద నీడ యాడికి పోయిందిరా? గంగడోలు మడతలు కూడా లేవే, ఇట్టా చదునుగా ఉంటే గిత్త ఎట్టా అవుద్ది?"

ఆయన వేలు పెట్టి చూపించిన చోటే నాకు విషయం అర్థమైంది. ఆ టూల్ ఫైల్‌ని ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి మార్చేసింది. 24 బిట్ బొమ్మకు కోటీ 67 లక్షల రంగులు అందుబాటులో ఉంటే, 8 బిట్ ఇండెక్స్‌డ్ బొమ్మకు 256 రంగుల పట్టిక ఒకటే దిక్కు. నా పట్టిక ఆకాశాన్ని చూసి తయారైంది, అందులో ఉన్నవన్నీ నీలాలు, నారింజలే. జింప్‌లో ఇండెక్స్‌డ్ బొమ్మ మీద ఏం పేస్ట్ చేసినా ఆ పట్టికలో దగ్గరగా ఉన్న రంగుకి సర్దుకోవాల్సిందే, అందుకే మూపురం కింద మెల్లగా ముదిరే బూడిద ఛాయలన్నీ కలిసిపోయి రెండు మచ్చలుగా మిగిలాయి. విండో పైనే ఇండెక్స్‌డ్ అని రాసి ఉంటుంది, నేను చూసుకోలేదు.

ఇమేజ్ మెనూలో మోడ్‌ని ఆర్‌జీబీ చేస్తే ఇకమీదట వేసే రంగులకు చోటు వస్తుంది, అంతేగానీ పోయిన ఛాయలు తిరిగి రావు. కాబట్టి ఒరిజినల్ ఫోటో దగ్గరికే వెళ్ళండి. తగ్గించిన ఫైల్ మీద ఇంకో గంట కూడా పని చేయొద్దు, ఆ కష్టమంతా వృథా.

నాకు అంతటితో అయిపోలేదు. కంప్యూటర్‌లో గేమ్ చక్కగా ఉంది, ఫోన్‌లో మళ్ళీ చారలు. ఈసారి ఫైల్ తప్పు లేదు, ఆండ్రాయిడ్ బిల్డ్‌కి టెక్స్చర్ ఫార్మాట్ (గేమ్ బొమ్మను మెమరీలో ఉంచే తీరు) 16 బిట్ అని పెట్టుంది. అందులో ఎరుపుకి 5 బిట్లు, ఆకుపచ్చకి 6, నీలానికి 5, అంటే నీలానికి మొత్తం 32 మెట్లే. ఆకాశంలో నీలం 220 నుంచి 60కి దిగుతుంటే మామూలుగా 160 మెట్లు రావాలి, ఇక్కడ 20 వస్తాయి. అదే 400 వరుసల ఆకాశమైతే ఒక్కో పట్టీ దాదాపు 20 పిక్సెళ్ల మందం, కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కదాన్ని 32 బిట్‌కి మార్చాను, చారలు పోయాయి. 1280 × 720 బొమ్మకు మెమరీ 18,43,200 బైట్ల నుంచి 36,86,400 అవుతుంది, నాకైతే అది పెద్ద భారం కాలేదు. తప్పనిసరిగా 16 బిట్‌లోనే ఉంచాలంటే తగ్గించేటప్పుడు డిథరింగ్ (పక్కపక్క రంగుల చుక్కలు కలిపి మధ్య ఛాయలా కనిపించేలా చేయడం) పెట్టండి, కొంచెం ఇసక చల్లినట్టు ఉంటుంది గానీ గీతలకంటే నయం.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. ప్రాపర్టీస్‌లో 48 గానీ 64 గానీ కనిపిస్తే ఒక్కో రంగుకి 16 బిట్లతో సేవ్ అయిందని అర్థం, కొన్ని పాత లైబ్రరీలు దాన్ని సరిగ్గా తీసుకోవు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒక్కో రంగుకి 8 బిట్ల ఆర్‌జీబీ (మూడు రంగులకి కలిపి 24) ఎంచుకుంటే సరిపోతుంది.

ఒరిజినల్ నుంచి చేసిన ఫైల్‌కి 24 గానీ 32 గానీ చూపిస్తూ, ఫోన్‌లో మాత్రమే చారలొస్తుంటే మీ ఇంజిన్ పేరు, ఆ టెక్స్చర్ సెట్టింగ్ స్క్రీన్‌షాట్ పెట్టండి, రాత్రికి చూసి చెప్తాను.